అల్లుళ్ల ట్యాంకు

చెత్తగుట్ట కడుపులోంచి వచ్చే గ్యాస్‌ను పైపులతో లాగి పెద్ద ట్యాంకులోకి వదలడం మా ప్లాంటు పని. ట్యాంకులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఆ గ్యాస్ తిని తెల్లటి ప్లాస్టిక్ పొడి తయారుచేస్తాయి. మా బావ వాటిని అల్లుళ్లు అనేవాడు. "వేళకు మేపకపోతే అలిగి చస్తార్రా" అని నవ్వేవాడు.

బావ ట్యాంకు పక్కనున్న గోతిలోకి దిగి వాల్వులు బిగించేవాడు. నేను పైన స్విచ్ దగ్గర ఉండేవాణ్ణి. మోటారు హోరులో మాట వినపడదు కాబట్టి పైపు మీద తట్టుకునేవాళ్లం. ఒక దెబ్బంటే బాగానే ఉన్నాను. రెండంటే పానా అందించు. మూడంటే గ్యాస్ ఆపు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం మూడు దెబ్బలు వినిపించాయి. ఆపితే అల్లుళ్లు పస్తుంటారు, ట్యాంకు మళ్లీ దారికి రావాలంటే చాలా రోజులు పడుతుంది. ఒక్క నిమిషం చూద్దామనుకున్నాను. ఆ నిమిషంలోనే గోతిలో గ్యాస్ కమ్మి బావ పోయాడు.

"తట్టలేదు" అని అందరికీ చెప్పాను.

నిన్న సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను. మా పొడితో చేసిన మొదటి కప్పును బావ గుర్తుగా మేనేజరు ఆమెకు పంపాడు. అక్క దాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చుంది.

"మీ బావ నిజంగానే తట్టలేదా?" మెల్లగా అడిగింది.

ఆమె మొహం చూడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా అబద్ధమే వచ్చింది.

"లేదక్కా."

టక్... టక్... టక్.

అక్క లేచి వెళ్లి తలుపు తీసింది. "ఎవరూ లేరురా" అంటూ వీధి వైపు చూస్తూ నిలబడింది.

చప్పుడు తలుపు దగ్గర కాదు. బల్ల మీద ఖాళీ కప్పులోంచి. కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంది... ఆ గోతి వాసన. కప్పును అరచేత్తో మూశాను. వెచ్చగా ఉంది. లోపలి నుంచి నా చేతికి దెబ్బలు తగిలాయి.

ఒకటి... రెండు... మూడు.

"తట్టాడక్కా" అన్నాను. "నేనే ఆపలేదు."

గుమ్మంలో అక్క నెమ్మదిగా ఇటు తిరిగింది.

అప్పుడు నా అరచేతికి నాలుగో దెబ్బ తగిలింది.

నాలుగు దెబ్బలకు బావా నేనూ ఏ అర్థమూ పెట్టుకోలేదు.