ముప్పయ్యో రోజు

"వకీలయ్యా, కొంచెం తెలుగులో చెప్పండి."

బేతంచెర్ల సంతలో మహానంది మాట్లాడుతుంటే జనం వెనక నుంచి ఒక ఆడగొంతు అడ్డు తగిలింది. అతను చెబుతున్నది తెలుగే. కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఆ ఊళ్ళో ప్లీడరుగా బోర్డు కట్టాడు. కేసులు తక్కువ, తీరిక ఎక్కువ. తనఖా పెట్టిన పొలాలు వేలంలో పోతుంటే, ఎందుకు పోతున్నాయో కూడా తెలియని రైతులను రోజూ కోర్టులో చూసేవాడు. ఉండబట్టలేక, ప్రతి సోమవారం ఈ సంతకు వచ్చి చట్టం గురించి ఊరికే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఏ మాట అర్థం కాలేదమ్మా?"

"డిక్రీదారు, రుణగ్రస్తుడు, స్థిరాస్తి. మా అమ్మకు ఈ మూడిట్లో ఒక్కటి గూడా నోరు తిరగదు."

జనం నవ్వారు. మహానంది చెవులు వేడెక్కాయి. "అయితే నువ్వే చెప్పు."

ఆమె ముందుకొచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. చంకలో మిరపకాయల సంచి.

"అప్పిచ్చినాయన కోర్టులో గెలిచినాడు. కోర్టోళ్ళు నీ చేను వేలం ఏసినారు. అయిపోయిందని ఏడ్చుకుంటా కూచోవద్దు. ముప్పై దినాల్లోపల ఆయన బాకీ అంతా, వేలం పాడినాయనకు పాట దుడ్లల్లో నూటికి ఐదు, కోర్టులో కడితే చేను మళ్ళా నీదే. అర్ధగంట నుంచి మీరు చెప్తాండేది ఇదే గదా?"

"ఇదే," అన్నాడు మహానంది నీరసంగా.

ఆమె పేరు సిద్దమ్మ. ఓబులేసు అనే రైతు కూతురు. ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఊళ్ళో ఎవరికి కాగితమొచ్చినా చదివి పెట్టేది ఆమే.

ఆ తర్వాత సోమవారాలు అలాగే జరిగాయి. అతను చట్టం చెప్పేవాడు, ఆమె దాన్ని మనుషుల మాటల్లోకి మార్చేది. "మీ ఫీజులో నాకు సగం రావాల," అనేది. "ఫీజే లేదుగా," అంటే, "అందుకే ధైర్యంగా అడుగుతాండా," అనేది. మహానందికి సోమవారం తప్ప మిగతా రోజులన్నీ సాగదీసినట్టు ఉండేవి.

జూలై చివరలో ఒకనాడు వాన మొదలై, సంత చెదిరిపోయి, ఇద్దరూ ఒక రేకుల పంచ కింద నిలబడ్డారు. ఆమె జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఏదో అడిగింది. "...అంతే గదా?" అన్న చివరి మాట అతనికి వినిపించింది.

"అంతే," అన్నాడు.

మరుసటి వారం, ఆగస్టు రెండున, వేరే కేసు కోసం కోర్టులో వేలాల జాబితా తిరగేస్తుంటే ఒక పేరు దగ్గర అతని వేలు ఆగిపోయింది. ఓబులేసు, బేతంచెర్ల, మూడెకరాలు. వేలం జూలై నాలుగు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. రేపు ముప్పయ్యో రోజు.

బేతంచెర్ల రైల్లో కూర్చున్నాక ఆనాటి ప్రశ్న ముక్కలు ముక్కలుగా గుర్తుకొచ్చింది. "ఒకాయన చేను వేలమైందనుకోండి. పాడినాయన డబ్బులన్నీ కట్టి, వేలం పూర్తయిన దినం నుంచి ముప్పై దినాలు, అంతే గదా?"

కాదు. పాట ముగిసిన రోజు నుంచే ముప్పై రోజులు. పాడినవాడు మిగతా డబ్బు కట్టడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలూ ఆమె కలుపుకుని ఉంటుంది.

పొద్దుగూకేలోపు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి విషయం చెప్పాడు. ఓబులేసు అరుగు మీద కూలబడ్డాడు. బావి తవ్వడానికి చేసిన అప్పు అది. బావిలో నాపరాయి పడింది గాని నీళ్ళు పడలేదు.

"దుడ్లు ఉండాయి," అంది సిద్దమ్మ మెల్లగా. "ఎద్దుల్ని అమ్మినాం. నూటికి ఐదు గూడా కలిపి మూటగట్టినా. వచ్చే వారం పోదామనుకున్యాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఊరందరికీ చట్టం చెప్పేదాని ఇంట్లోనే వేలమంటే ఏం చెప్పేది?"

మర్నాడు తెల్లవారుజామున స్టేషనుకు పోతే, వానకు రైలు కట్ట కోసుకుపోయింది, బండి రాదన్నారు. చివరికి కర్నూలు పోయే నాపబండల లారీ దొరికింది. ఓబులేసు డబ్బు మూటతో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. మహానంది, సిద్దమ్మ పైన బండల మీద.

సగం దారిలో వంక పొంగుతోంది. లారీ ఆగింది. గంట గడిచింది. మహానంది గడియారం చూసుకోవడం ఇరవైసార్లు అయింది. కోర్టు ఖజానా మూడింటికి మూసేస్తారు.

"నేను అడిగినా గదా," అంది సిద్దమ్మ నీళ్ళ వైపే చూస్తూ. "మీరు అంతే అంటిరి గదా."

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. అతనికి నోరు రాలేదు.

"నేను వినలేదు."

"వినకుండా ఏం చేస్తాంటివి?"

మీరు కాస్తా నువ్వు అయింది. "నిన్ను చూస్తున్నాను," అన్నాడు మహానంది.

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి, కోపమో ఇంకోటో తెలియలేదు. "మా చేను పోతే నీ మొగం జన్మలో చూడను," అంది.

"పోకపోతే?"

"ముందు వంక దాటనీ."

ఒంటిగంట దాటాక నీళ్ళు తగ్గాయి. లారీ కోర్టు దగ్గర ఆగేసరికి రెండున్నర. మహానంది పరుగెత్తి చలానా తెచ్చాడు. తొందరలో మొదటి కాగితం పాడుచేశాడు. సిద్దమ్మ పక్కన నిలబడి అంకెలు ఒక్కొక్కటే చదివింది, అతను రాశాడు. గుమాస్తా డబ్బు రెండుసార్లు ఎంచి, ముద్ర వేసి, గోడ గడియారం చూశాడు. మూడు కావడానికి ఏడు నిమిషాలున్నాయి.

ఓబులేసు వరండాలో కూర్చుని, తువ్వాలులో ముఖం పెట్టుకుని ఏడ్చాడు.

మూడు వారాల తర్వాత కోర్టు వేలం కొట్టేసింది. ఆ ఉత్తర్వు నకలు తీసుకుని మహానంది ఓబులేసు ఇంటికి వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దారంతా వల్లించుకున్న మాటలు గడప దగ్గరే మరిచిపోయాడు.

ఓబులేసు ముప్పై రూపాయలు తెచ్చి ముందు పెట్టాడు. "మీ ఫీజు, వకీలయ్యా."

"ఫీజు కోసం రాలేదు. ఒక విజ్ఞప్తి. తమ అంగీకారం ఉన్న పక్షంలో..."

ఓబులేసు ముఖం పాలిపోయింది. "ఇంగా ఏం గడువు ఉండాది సామీ? ఇంగేం కట్టల్ల?"

"గడువు కాదు. ఇరు పక్షాల సమ్మతితో..."

ఓబులేసు భార్య రామసుబ్బమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చింది. "ఏమంటాండాడే ఆయన? మళ్ళా వేలమా?"

సిద్దమ్మ వాకిట్లో చేట పక్కన పెట్టి లోపలికి వచ్చింది. అతని వైపు ఒక్కసారి చూసి, నవ్వు ఆపుకుంది.

"నాయనా, ఈయప్ప నన్ను పెండ్లి చేసుకుంటానంటాండాడు. నాకు ఇష్టమే."

ఓబులేసు ముందున్న రూపాయలు తీసి, మడిచి, మళ్ళీ రొండిన దోపుకున్నాడు.

"అట్లయితే ఇవి పెండ్లికి పనికొస్తాయి," అన్నాడు. "కూచో అప్పా. గుండె ఆగినంత పనాయె నాకు."