పీల్పుపొర

టిఫిన్ల వేళ పోషణకేంద్రంలో ఎవరికీ తల తిప్పే తీరిక ఉండదు. కొత్త కాకినాడ అంతా తింటూ ఉంటుంది. ఎవరి ఒంటికి ఎంత పట్టాలో వకుళ తెర ముందు కూర్చుని సరిచేస్తుంటుంది. ఇప్పుడు ప్రతి మనిషి చిన్నపేగులోనూ పీల్పుపొర ఉంది. పేగు గోడమీది సన్నని నూగు అరిగిపోయినా అన్నంలోని సారాన్ని ఆ పొరే పీల్చి రక్తానికి అందిస్తుంది. తిన్నది తిన్నట్టే పోయే జబ్బులు పాత పాఠాల్లోకి వెళ్లిపోయాయి.

ఆ ఉదయం ఆమె ఒక పొరను ముప్పాతిక వంతు మూసేసింది. తెరమీద మాత్రం పాత కొలతలే కనిపించేలా నిలిపింది. అది డాక్టర్ వాచస్పతి పొర.

కొన్నేళ్ల క్రితం వకుళ కూతురు మధూలిక ఎంత తిన్నా చిక్కిపోయింది. జుట్టు రాలింది, పాదాలు వాచాయి. పొరను తీసి చూడమని వకుళ వాచస్పతి కాళ్లావేళ్లా పడింది.

"యంత్రం అబద్ధం చెప్పదమ్మా. నువ్వే పిల్లకి సరిగా పెట్టడం లేదు," అన్నాడాయన. పాప పోయాక జరిగిన విచారణలోనూ అదే చెప్పాడు. తీరా తీసి చూస్తే పొర అట్టకట్టుకుపోయి ఉంది. అయినా ఆయన తన మాట వెనక్కి తీసుకోలేదు. అత్తవారింట్లో వకుళకు పిల్లను మాడ్చి చంపిందన్న పేరు ఉండిపోయింది.

పొర మూసిన రెండు నెలలకు వాచస్పతి కేంద్రానికి వచ్చాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. వెంట ఆయన్ని పెంచిన అక్క రాజ్యం ఉంది. ఆయన వకుళను గుర్తుపట్టలేదు.

"ఎంత తిన్నా నీరసమేనమ్మా. జిడ్డు విరేచనాలు. పొర చూడండి."

వకుళ కొలతలు చూపించింది. "యంత్రం అబద్ధం చెప్పదు కదండీ. ఇంట్లో సరిగా పెట్టడం లేదేమో!"

ఆ మాట అనడం కోసం ఆమె ఏళ్ల తరబడి కాచుకుంది. కానీ అది వాచస్పతికి తగల్లేదు. ఆయన తలతిప్పి అక్కవైపు చూశాడు.

నెల తిరక్కుండానే రాజ్యం ఒంటరిగా వచ్చింది. బుగ్గలు లోపలికి పోయాయి. వకుళ ఆమె పొర చూసింది. అది చక్కగా పనిచేస్తోంది, పీల్చడానికే ఏమీ లేదు.

"మీరు తినడం లేదా అండీ?"

"నా వాటా కూడా వాడికే పెట్టాను తల్లీ. అయినా నేను తిండిలో ఏదో కలుపుతున్నానని వీధి వీధంతా చెప్పాడు. నిన్న పోలీసుల్ని పిలిచాడు. వాడికి గోరుముద్దలు పెట్టిన చెయ్యమ్మా ఇది!"

వకుళ ఇక ఆగలేకపోయింది. "పొర మూసింది నేనే," అంది. ఎందుకు మూసిందో కూడా చెప్పింది.

"అయితే నా వంటలో దోషం లేదన్నమాట," అంటూ రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"లేదండీ. ఇప్పుడే తెరిచేస్తాను," అని వకుళ తెరవైపు చెయ్యి చాపింది.

రాజ్యం ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. అంత చిక్కిన వేళ్లలో అంత బలం ఉంటుందని వకుళ అనుకోలేదు.

"ఉండనియ్యి."

వకుళ ఆమె ముఖంలోకి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. కాసేపటికి తన క్యారేజీ విప్పి, పప్పన్నం సగం మూతలో పెట్టి ఆమె ముందుకు జరిపింది. రాజ్యం ఆవురావురుమంటూ తింది. పొర సంగతి ఇద్దరిలో ఎవరూ మళ్లీ ఎత్తలేదు.