ఆవిరిగదిలో చెవిగురువు లేదు

ఆ విశ్వవిద్యాలయంలో విదేశీ పిల్లలెవరూ ఏడవరు. ఏడ్చిన పిల్లను ఒక్కర్తెను చూపించండి, నా మీసం సగం గొరిగించుకుంటాను. ఇది ఇంకో అరవై ఏళ్లకు జరగబోయే సంగతి గనక, అప్పటికి నేనూ ఉండను, మీసమూ ఉండదు. అందుకే ఇంత ధైర్యంగా పందెం కాస్తున్నాను.

ఊరు ఫిన్లాండ్‌లో, సరస్సుల నడుమ ఉంది. దాని పేరు పలకడానికి నాకున్న పళ్లు చాలవు. జనవరి నెల ఉదయం. బస్సు స్టాపులో మోకాలి లోతు మంచు. ఫిన్నిష్ వాళ్లు పరదేశం పిల్లల దగ్గరికి వచ్చి "ఏ ఊరు, ఎవరమ్మాయివి, అన్నదమ్ములెందరు" అని అడుగుతున్నారు. మన తెలుగు పిల్లలేమో మనిషికీ మనిషికీ మధ్య బండి పట్టేంత జాగా వదిలి, నేల చూస్తూ నిలబడ్డారు. ఒకప్పుడు ఇదంతా తలకిందులుగా ఉండేదట.

అంతా చెవిగురువు మహిమ. చెవి వెనక కందిబద్దంత యంత్రం. ఎదుటివాళ్ల మాట మన ఊరి భాషలో వినిపిస్తుంది. అంతటితో ఊరుకోదు. ఎదుటివాళ్లకు ఏది మర్యాదో అది చెవిలో చెప్పి మనచేత చేయిస్తుంది. విశ్వవిద్యాలయం వాళ్లను మెచ్చుకోవలసిందే. పిల్ల విమానం దిగేసరికి కొలతకు సరిపోయే చలికోటు, వెచ్చటి గది, ఎదురింట్లో ఇరుగుతోడు సిద్ధం. ఇరుగుతోడు అంటే, పరాయి పిల్లను మన పిల్లలా చూసుకుంటానని తనంతట తాను ముందుకొచ్చిన ఊరిమనిషి. వాళ్లకూ ఒక చెవిగురువును ఇస్తారు.

భీమిలి దగ్గరి పల్లె నుంచి అడవుల చదువుకని వచ్చిన పైడితల్లికి ఇరుగుతోడు హిల్కా. పడవల ఇంజన్లు బాగుచేసి విశ్రాంతి తీసుకుంటున్న డెబ్బై దాటిన మనిషి. ఆ ఉదయం ఆవిడ వేడి వేడి బన్ను పట్టుకుని వచ్చి తలుపు తట్టింది.

"ఏటే పైడమ్మా, తిన్నావేటి?"

పైడితల్లి చెవిలో గురువు గొణిగాడు: 'దూరం పాటించు. ఒక్క మాట చాలు.'

"తిన్నాను," అని ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏం కూరొండావు?"

"ఏదో ఉంది."

"మీ అయ్యకి నెలకెంతొస్తాది? నీకు సమ్మందాలు చూస్తన్నారా?"

పైడితల్లికి ప్రాణం లేచి వచ్చింది. ఇలా అడిగే మనిషి కోసమే మొహం వాచిపోయి ఉంది. నోరు తెరవబోయింది. 'సొంత గొడవలతో ఎదుటివారిని ఇబ్బంది పెట్టకు,' అన్నాడు గురువు.

"చూస్తారు," అని తలుపు వేసేసింది.

తలుపవతల హిల్కా చెవిలో ఆవిడ గురువు పోరు పెడుతున్నాడు: 'మళ్లీ అడుగు. వద్దన్నా బలవంతం చెయ్యాలి.' జన్మలో ఎవర్నీ ఏమీ అడగని మనిషి, ఈ ఆరా తీయడం మొదలుపెట్టాక రుచి మరిగింది. కానీ ఈ పిల్లకు నేనంటే గిట్టదు కాబోలనుకుని బన్ను తీసుకుని వెళ్లిపోయింది.

యంత్రం చేసిన మేధావులు వీళ్లకు వాళ్ల మర్యాద, వాళ్లకు వీళ్ల మర్యాద చక్కగా నేర్పారు. ఇద్దరూ ఒకేసారి నేర్చుకుంటే ఏమవుతుందో చూసుకోలేదు. ఒకరింటికి ఒకరు చుట్టపుచూపుగా బయల్దేరి, చేరుకుని, రెండిళ్లకూ తాళాలు చూసినట్టయింది.

'ఆవిడ అడగడం లేదు, యంత్రం అడిగిస్తోంది' అనుకుంది పైడితల్లి. తలుపుకు వీపు ఆనించి ఏడ్చింది. ముందు నేనన్నది వదిలేయండి. బొటబొటా ఏడ్చింది. పై అంతస్తులో లాగోస్ నుంచి వచ్చిన డాక్టరేటాయనా ఏడ్చేవాడు. మీసానిదేముంది, మళ్లీ మొలుస్తుంది.

ఆ మధ్యాహ్నమే విశ్వవిద్యాలయం సలహాదారు దగ్గరికి వెళ్లి, చదువు మానేస్తానంది. ఆయన నొచ్చుకున్నాడు.

"టికెట్టు మేమే చూస్తాం. సీటు మాత్రం సోమవారం ఇంకొకరికి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. శనివారం మీ భవనంలో సౌనా ఉందిగా. ఆ ఆవిరిగదిలో హిల్కాగారితో కూర్చుని, చెప్పి వెళ్లండి. ఇక్కడ అది పద్ధతి," అన్నాడు.

ఆవిరి వేడికి చెవిగురువు బతకదు. శనివారం ఇద్దరూ తమ యంత్రాలను బయట చెక్కగిన్నెలో పెట్టి లోపలికి వెళ్లారు. హిల్కా తువ్వాలు చుట్టుకుంది. పైడితల్లి నూలు చీర మెడదాకా చుట్టుకుంది. హిల్కా చూసింది. కాగిన రాళ్ల మీద గరిటెడు నీళ్లు పోసింది.

చెవిగురువు లేని హిల్కా పూర్వపు హిల్కా. నోట మాట లేదు. చెవిగురువు లేని పైడితల్లి నోటికి గొళ్లెమూ లేదు.

"మామ్మా, నానెల్లిపోతన్నాను. కోటు బాగుంది, గది బాగుంది, నోరు ఎండిపోనాది. మా అయ్యకి జీతమెక్కడిది, వేటకెళ్తే వచ్చిందే. సమ్మందం ఒకటొచ్చింది. నాను చెట్లు చదువుతానంటే ఆడు పకపకా నవ్వినాడు. నాకు చెట్లంటే ఇష్టం మామ్మా."

హిల్కాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కదలనూ లేదు. పిల్ల ఆగినప్పుడల్లా రాళ్ల మీద కాసిని నీళ్లు పోసింది. అవి 'స్స్...' అన్నాయి. పైడితల్లి దాన్నే ఊకొట్టడం అనుకుని మళ్లీ అందుకుంది. చెప్పిందే చెప్పింది. గరిటె తిరిగిందే తిరిగింది.

బయటికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. హిల్కా సౌనా రాళ్ల మీదే కాల్చిన సాసేజీని రెండు ముక్కలు చేసి, పిల్ల మొహంలోకి చూసి, "తిన్నావేటి?" అంది. చెవిగురువులు రెండూ ఇంకా గిన్నెలోనే ఉన్నాయి. ఆవిడకు తెలుగెలా వచ్చిందని నన్నిప్పుడే అడక్కండి.

అన్నాళ్లూ తిన్నానంటూ వచ్చిన పైడితల్లి, "లేదు మామ్మా," అంది.

సోమవారం సీటు వదులుకోలేదు. చెవిగురువు ఏం సాయం చేసిందని సలహాదారు ఆశగా అడిగితే, "గిన్నెలో పడుకుందండీ," అంది. ఆయన నిజంగా పెద్దమనిషి. నవ్వి, మర్నాటి నుంచి ఇరుగుతోడుల ఇళ్లన్నిటికీ ఒక్కొక్క చెక్కగిన్నె పంపించాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. హిల్కా ఏమీ అడగలేదు. పెద్ద ముక్క పిల్లవైపు తోసి, తన ముక్క నములుతూ గోడకేసి చూస్తూ కూర్చుంది. అంతే. నోటితో అడగనిదే తిండి పెట్టినట్టు మనవాళ్లు లెక్కవేయరని, ఆ ప్రశ్న నేనే ఆవిడ నోట్లో పెట్టాను. "లేదు మామ్మా" అన్న జవాబు మాత్రం నిజం. ఎవరూ అడక్కుండానే అంది.