చీము ఏ పొరలో

పొద్దున్నే మామగారి ఒళ్లు కాలిపోతోందని గమనించింది కోడలే. పెద్దపేగులో గడ్డ ఉన్న ముక్క తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టాక ఆయన ఇంటికొచ్చి ఎన్నాళ్లో కాలేదు. రోజూ కట్టు మార్చేది ఆమే. కోత చుట్టూ ఎరుపు లేదు, వాపు లేదు. అయినా ఆయన కడుపు పట్టుకుని మూలుగుతున్నాడు. భర్తను లేపితే, అతను ముందు అక్కకు ఫోన్ చేశాడు.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఈవిడ పైగా స్కూలు టీచరు. తప్పు ఎవరిదో తేలేదాకా ఆవిడకు నిద్ర పట్టదు. ఎక్కడో చీము పట్టినట్టుందని ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన్ని స్కానింగుకి పంపగానే, వరండాలోనే మొదలుపెట్టింది.

"చేతులు కడుక్కునే కట్టు కట్టావా?"

"కడుక్కునే కట్టాను వదినా."

"మరి చీము ఆకాశంలోంచి ఊడిపడిందా? నాన్న ప్రాణం మీదికి తెచ్చావు. ఇక నీ చేతికి వదలను, మా ఇంటికి తీసుకుపోతాను."

కోడలు మొగుడి వైపు చూసింది. ఆయనగారు రేపు పరీక్ష ఉన్నట్టు గోడమీది బోర్డు చదువుతున్నాడు. ఆమెకు తండ్రిని చూసిన గుర్తు లేదు. నాన్నంటే ఈ మామగారే.

డాక్టరమ్మ రాగానే కోడలే అడిగింది. "నేను కట్టిన కట్టు వల్లేనా?"

"ఆపరేషన్ తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్లన్నిటినీ ఒకే గాటన కట్టమమ్మా. చర్మంలో ఉంటే పైపైది. కోత కింద కండదాకా దిగితే లోతుది. ఈయనది రెండూ కాదు. కడుపులోపల పేగు కుట్టిన చోట కారి, చీము చేరింది. మూడింట్లో ఇదే పెద్దది. కట్టుతో దీనికి సంబంధం లేదు. వేళకే తెచ్చారు, గొట్టం వేసి తీసేస్తాం."

సాయంత్రానికి జ్వరం దిగింది. మామగారు నిద్రపోయారు.

"పోనీలే, తప్పు నీది కాదని తేలిందిగా" అంది ఆడపడుచు, పెద్దమనసు చేసుకుని.

కోడలు భోరుమంది.

"పెద్దదనగానే నాకు ప్రాణం లేచొచ్చింది వదినా! పైపైదైతే ఆయన తేలిగ్గా బయటపడేవారు, నేను దోషినయ్యేదాన్ని. అందుకని ఆయనకి పెద్దదే వచ్చిందని సంతోషపడ్డాను. మామయ్యగారి మొహం ఎలా చూడను?"

ఆడపడుచు మరదలి పక్కన కూలబడి, ఆమె తల గుండెకు హత్తుకుంది.

"ఆ పాపం నాదే తల్లీ" అంది ఏడుస్తూ. "నీది కాదు."