చీకటి గోడౌనులో రెండు చేతి కంప్యూటర్లు

"నీ మిషన్ మళ్ళీ మొరాయించిందా?"

"మొరాయించలేదు, ఆలోచిస్తోంది."

"పొద్దున్నించీ ఆలోచిస్తూనే ఉంది. దానికీ నీకూ ఏమన్నా తేడా ఉందా?"

లారీ స్పేర్ పార్టుల గోడౌనులో మూడు రోజులుగా ఇదే భాగోతం. యజమాని అరచేతిలో పట్టే కంప్యూటర్లు రెండు తెప్పించాడు. స్మార్ట్‌ఫోన్లు లేని రోజులవి, అప్పట్లో అదో వింత. రెండింటి ఆపరేటింగ్ సిస్టములూ వేరు. గోడౌనులో లెక్కలు చూసే ఇద్దరిలో ఒకటి అమ్మాయి చేతిలో, ఒకటి అబ్బాయి చేతిలో పెట్టి, "సరుకంతా లెక్కపెట్టండి. ఏది మేలో చెబితే అన్ని బ్రాంచీలకీ అదే కొంటాను" అన్నాడు. ఆయనకేం, ఏసీ గదిలో కూర్చుని ఎన్నయినా చెబుతాడు. నిచ్చెనలెక్కి బేరింగులు లెక్కపెట్టేవాళ్ళకి కదా తెలిసేది!

ఆమెది బూడిదరంగు తెర. అచ్చం పలకలా ఉందని అతను ఆమెకి పలకమ్మ అని పేరు పెట్టాడు. అతనిది రంగుల తెర. ఆమె మాత్రం ఊరుకుంటుందా? సోకులరాయుడు అంది. ఇప్పుడు ఆఫీసంతా ఆ పేర్లతోనే పిలుస్తోంది.

పలకమ్మకి మోకాళ్ళు పీకుతున్నాయి, కళ్ళు మండుతున్నాయి. ఏడాదిగా ఈ మనిషితో పోట్లాడి పోట్లాడి ప్రాణం విసిగిపోయింది. అందుకే వేరే బ్రాంచికి బదిలీ అడిగింది. "ఈ లెక్క అవగానే సంతకం పెడతాను" అన్నాడు యజమాని. అడిగిందే కానీ, ఆ రోజునుంచీ ఆమెకి అన్నం సయించడం లేదు. ఎందుకో ఆమెకి తెలుసు. ఈ మనిషి ఒక్కసారి 'వెళ్ళకు' అంటే చాలు. అనడే!

"ఇలా ఇవ్వు" అంటూ అతని మిషన్ లాక్కుంది. "ఓరి నాయనో! ఎన్ని తెరిచిపెట్టావు!"

"అన్నీ మూసేశానే! పైన ఇంటూ గుర్తు నొక్కాగా?"

"దీంట్లో ఇంటూ నొక్కితే మూసినట్టు కాదు మహానుభావా, దుప్పటి కప్పినట్టు. కింద అన్నీ నడుస్తూనే ఉంటాయి. అందుకే ఈ నత్తనడక. నాది ఒకసారికి ఒకే పని చేస్తుంది. ఇంకోటి తెరిస్తే మొదటిది తప్పుకుంటుంది. మళ్ళీ పిలిస్తే ఆపిన చోటే అందుకుంటుంది."

"బుద్ధిమంతురాలే. పాట పాడుతుందా మరి? నాది పాట వినిపిస్తూ లెక్క రాస్తుంది."

"సాయంత్రానికి సొమ్మసిల్లి పడిపోతుంది కూడా. నాది రెండు సన్న సెల్లులేస్తే నెల నడుస్తుంది."

అతను ఓపిక లేని నవ్వొకటి నవ్వాడు. "నువ్వెళ్ళాక ఇవన్నీ నాకెవరు చెబుతారు?"

అక్కడితో ఆపేశాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం వాన ముంచుకొచ్చి కరెంటు పోయింది. కిటికీల్లేని గోడౌను, కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనబడదు. ఆమెకి ఇంకా చివరి వరుస మిగిలే ఉంది. బూడిద తెర వెలుగులో డబ్బాల మీద అంకెలు ఆనడం లేదు.

ఉన్నట్టుండి వెనకనుంచి తెల్లటి వెలుగు పడింది. సోకులరాయుడు తెర వెలుతురు మొత్తం పెంచి మిషన్‌ని దీపంలా ఎత్తి పట్టుకున్నాడు.

"నీ లెక్క?"

"తర్వాత చూసుకుంటాలే. నువ్వు కానివ్వు."

ఆమె నిచ్చెనెక్కితే వెలుగూ పైకెక్కింది, దిగితే దిగింది. చెయ్యి లాగుతుంటే రెండో చేతికి మార్చుకున్నాడు. ఏడాదిలో మొదటిసారి ఇద్దరూ అంతసేపు పోట్లాడుకోకుండా ఉన్నారు. ఓపిక లేకేమోలే అనుకుంది.

ఆఖరి డబ్బా రాసేసరికి రంగుల తెర ఆరిపోయింది. కరెంటొచ్చాక ఛార్జింగ్ పెడితే మిషన్ కొత్తదానిలా లేచి తేదీ అడిగింది, పేరు అడిగింది. మూడు రోజుల లెక్కలో ఒక్క అంకె లేదు.

ఆమె మిషన్ అందుకుని అటూ ఇటూ నొక్కి చూసింది. "బ్యాటరీ పూర్తిగా అయిపోతే ఇందులో దాచినవన్నీ పోతాయి. నీకు తెలీదా?"

"తెలుసు."

"ఆఫీసు కంప్యూటర్లోకి దించుకోమన్నానా లేదా?"

"దించుదామంటే అదీ ఇదీ మొదటిరోజునుంచీ మాట్లాడుకోవడం లేదు."

"మరి తెలిసి తెలిసీ ఎందుకు పట్టుకున్నావు?"

అతను కళ్ళు నులుముకున్నాడు. "నీ లెక్క తెమిలితే సంతకం అవుతుంది కదా. వెళ్ళాలని నీకంత ఉంటే..."

"ఉందని నీకెవరు చెప్పారు?"

"బదిలీ అడిగింది నువ్వే కదా!"

"వద్దనే మనిషి ఒకడున్నాడేమో చూద్దామని అడిగాను!"

ఇంతలో యజమాని గొడుగు దులుపుకుంటూ రానే వచ్చాడు. "ఏమ్మా, అయిందా? ఏది మేలు?"

"మన పనికి నాదే మేలు సార్. అతని లెక్కంతా పోయింది. నాకు వెలుగు చూపిస్తూ పోగొట్టుకున్నాడు."

"అయ్యో! సరే, నీ లెక్కయితే అయింది కదా. బదిలీ సంతకం పెట్టెయ్యనా?"

ఆమె యజమాని వంక చూడలేదు. సోకులరాయుడి వంకే చూసింది.

"పెట్టకండి సార్." అతను ముందుకొచ్చాడు. "తను వెళ్ళిపోతే నేనుండలేను. పోట్లాడితేనైనా నాతో మాట్లాడుతుందని రోజూ పోట్లాడాను. అంతకంటే ఎలా మాట్లాడాలో నాకు తెలీలేదు."

"ఆ సంగతి నాకు చెబుతావేమిటయ్యా? ఆ అమ్మాయికి చెప్పు!"

"విన్నాను లెండి సార్" అంది ఆమె. నవ్వబోతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా నాన్న ఆదివారం ఇంట్లోనే ఉంటారు. మీ అమ్మగారిని తీసుకుని రా."

యజమాని గొడుగు తీసుకుని మారు మాట్లాడకుండా జారుకున్నాడు.

"మరి నా వరుసలన్నీ మళ్ళీ లెక్కపెట్టాలిగా?" అన్నాడు అతను.

"నువ్వు చదువు, నేను నా మిషన్‌లో రాస్తాను. రేపు. ఇవాళ ఇంక నా వల్ల కాదు."

ఇద్దరూ గుమ్మం దగ్గర మెట్ల మీద కూలబడ్డారు. వాన ఇంకా తగ్గలేదు. ఆమె అతని భుజానికి తల ఆనించి కళ్ళు మూసుకుంది. జల్లు కొట్టి ఒకపక్కంతా తడిసిపోతున్నా అతను కదిలితే ఒట్టు.