ఎథెల్ చేతిలో తాడు

“టౌన్‌హాల్ పై కిటికీ నీది. అనుమానం కలిగితే పచ్చ రుమాలు ఊపు, నేను చూసుకుంటాను,” అని హిల్డాతో అంది కోరా వెల్బీ, నీలం టోపీ సవరించుకుంటూ. లండన్ రహస్యశాఖలో అంతటి అందగత్తె లేదు; అంతటి నమ్మకస్తురాలూ లేదని ప్రతీతి. “విదేశీ ముఠా గురి విగ్రహావిష్కరణకు వచ్చే మంత్రిగారి మీద. జాగ్రత్త.”

ఏజెంట్ హిల్డా పుట్టింది ఈ క్లెగ్‌వర్త్‌లోనే. శాఖ ఆజ్ఞ మేరకు, ఎవరికీ చెప్పకుండా ఊరు విడిచి ఇరవై ఏళ్ళు. తల్లి పోయినా రాలేదు. మిల్లులో తల్లి పక్కమగ్గం మీద నేసే ఎథెల్ దగ్గరుండి పాతిపెట్టించింది. ఆ ఉదయం ఎదురుపడితే ఎథెల్ ఒకటే మాట అంది: “చచ్చావనుకున్నాం. అదే నయం!”

కింద చౌకులో మిల్లు స్థాపకుడి విగ్రహం తెల్లటి ముసుగులో ఉంది. లోయకు ఆవిరి మగ్గాలు తెచ్చిన మహనీయుడని ఫలకం చెబుతోంది. ఆ మగ్గాల హోరుకు చెవులు పోగొట్టుకున్న ఆడవాళ్ళ ఊసు ఫలకంలో లేదు. ఆ హోరులోనే వాళ్ళు, వాళ్ళ మధ్య పెరిగిన హిల్డా, గొంతు లేకుండా పెదవులతో మాట్లాడుకోవడం నేర్చారు.

బ్యాండు మోగింది. ఆ మోతను నమ్ముకుని కోరా పక్కనున్న మనిషితో నిర్భయంగా మాట్లాడింది. హిల్డా పైనుంచి ఆమె పెదవులు చదివింది.

“బాంబు పీఠంలో ఉంది. ముసలిది తాడు లాగితే చాలు, మంత్రితో సహా అందరూ పైకే.”

ముసుగు తొలగించే తాడు పట్టుకున్నది ఎథెల్.

తలుపు బయట గడియపెట్టి ఉంది. పచ్చ రుమాలు చూడవలసింది కోరాయే. హిల్డా శాఖవారిచ్చిన పౌడరు డబ్బీ తెరిచి, అద్దంతో ఎండను ఎథెల్ కళ్ళలో కొట్టింది. ఎథెల్ మండిపడుతూ తలెత్తింది.

హిల్డా పెదవులు కదిలాయి. “లాగకు. బాంబు. నీలం టోపీదాన్ని పట్టుకోండి. అమ్మ మీద ఒట్టు.”

“ఏ మొహం పెట్టుకుని ఆమె మీద ఒట్టేస్తున్నావే?” అన్నాయి ఎథెల్ పెదవులు.

మంత్రి చిరునవ్వుతో తల ఊపాడు. తాడు బిగిసింది. ఆపై వదులైంది. ఎథెల్ ముందు వరుసకేసి నిశ్శబ్దంగా ఏదో అంది. నేతకత్తెలు కోరానూ, ఆమె మనిషినీ చుట్టుముట్టారు. నీలం టోపీ చెక్కబూట్ల కింద నలిగింది.

ఎవరో వచ్చి గడియ తీసేసరికి చౌకు ఖాళీ. కీర్తి పోలీసులకు దక్కింది. హిల్డా ఒంటరిగా రైలెక్కింది. ఇంజన్ రొదలో, ప్లాట్‌ఫారం చివర, ఎథెల్.

“మీ అమ్మ సమాధి మీద గడ్డి ఇన్నేళ్ళూ నేనే పీకాను,” అన్నాయి ఆ పెదవులు. “ఈసారి వచ్చి నువ్వు పీకు, సిగ్గులేనిదానా.”

బాంబు తీసేశారు. ముసుగు మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని తొలగించాలన్న తొందర క్లెగ్‌వర్త్‌లో ఏ ఆడదానికీ కలగలేదు.