గేటు దగ్గర పెగీ

ఆ దీవిలో ఒక ఆచారం ఉంది. శ్మశానంలో చివరగా పూడ్చిన మనిషి ఆత్మే, మళ్లీ ఎవరినైనా పూడ్చేదాకా గేటు దగ్గర కాపలా కాయాలి. ఒకే రోజు రెండిళ్ల నుంచి శవాలు బయల్దేరితే, మాది ముందంటే మాది ముందని మోసేవాళ్లు పరుగులు తీస్తారు. నవ్వొచ్చే విషయమే, మనింట్లో చావు రానంతవరకు.

మార్సలీ కూతురు పెగీ దగ్గుతో పోయి పదిరోజులైంది. ఆరేళ్ల పిల్ల. దీపం లేకుండా గొర్రెల కొట్టంలోకి కూడా వెళ్లేది కాదు. ఆ తర్వాత ఊళ్లో ఇంకెవరూ పోలేదు.

రోజూ పొద్దు వాలే వేళకి మార్సలీ రొట్టెముక్క పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లేది. గాలి ఉండేది కాదు. అయినా ఇనుప గడియ కదిలేది. టక్... టక్... చిన్న చెయ్యి అందీ అందనట్టు.

"ఎవరైనా పోతే బాగుండు తాతా," అని పొరుగింటి టోర్మొడ్ దగ్గర ఏడ్చి, వెంటనే నాలుక కరుచుకుంది.

పళ్లన్నీ ఊడినా పడవ మానని ముసలాడు పకపకా నవ్వాడు. "ఎవరో ఎందుకే పిచ్చిదానా? కాటికి కాళ్లు చాపుకుని నేను లేనూ? 'ఇక నా వంతు, నువ్వు పద తల్లీ' అని దాని చెయ్యి పట్టుకుని పంపిస్తాగా!"

ఆ వారమే అతని పడవ మునిగింది. తెడ్డు ఒక్కటే ఒడ్డుకొచ్చింది. శవం లేనిదే పూడ్చేదేమిటి, పాపకి విడుదలెక్కడిది? మార్సలీ కాళ్లావేళ్లా పడితే, ఊరివాళ్లు జాలిపడి పెట్టెలో అతని కోటు, నాలుగు రాళ్లు వేసి పూడ్చారు.

"కోటు కాపలా కాస్తుందా?" అని మోసినవాళ్లలో ఒకడు గొణిగాడు.

ఆ సాయంత్రం గడియ కదల్లేదు. మార్సలీ చాలా రోజులకు కంటినిండా నిద్రపోయింది.

తెల్లవారగానే ముసలాడికి చిటికెడు పొగాకు తీసుకుని వెళ్లింది. గేటు బార్లా తెరిచి ఉంది. కుళ్లిన సముద్రపు నాచు వాసన... బురదలో పెద్ద బూటు అడుగులు, ఒడ్డు నుంచి గేటు దాకా. ఒక్కో అడుగులో ఉప్పునీళ్లు నిలిచి ఉన్నాయి.

"మాట నిలబెట్టుకున్నావా తాతా..." ఆమె పొగాకు గేటు పక్కన పెట్టింది.

పాప అడుగుల కోసం సమాధుల వైపు చూసింది. అటు ఒక్కటీ లేదు.

తిరిగి ఒడ్డుకి దిగిన బూటు అడుగుల పక్కన ఉన్నాయవి. చిన్నవి. చెప్పుల్లేనివి. నీళ్లదాకా... నీళ్లలోకి.

దారిలో మూడుచోట్ల ఆ చిన్న అడుగులు ఇంటివైపు తిరిగి ఉన్నాయి.